నల్ల గొడుగులో తెగిన ముక్క

మా ఆయన పోయి ఏడాది తిరిగీ తిరక్కముందే, ఆయన బతికుండగా నన్ను చూడనివ్వని సినిమా చూడటానికి కూర్చున్నాను. వింటే ఎవరైనా ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనివ్వండి. ముప్పై ఏళ్ళకి పైగా అడిగి అడిగి నోరు నొప్పి పుట్టిన మనిషిని నేను.

సినిమా పేరు ‘నల్ల గొడుగు’. తెలుపు నలుపుల్లో తీసిన హత్యల సినిమా. వచ్చిన కొత్తలో గుంటూరులోనే సరిగా ఆడలేదు. ఇప్పుడేమో ఆదివారం పేపర్లలో దాన్ని ఆకాశానికెత్తుతున్నారు, ఇలాంటి క్రైము సినిమా తెలుగులో మళ్ళీ రాలేదని. మా ఆయన పేరయ్య ఈ మాట ఆనాడే అన్నాడు. కానీ టూరింగు టాకీసు ఆపరేటరు మాట ఎవరు పట్టించుకుంటారు?

పర్చూరు చివర పొగాకు కాల్చే బ్యారన్లు దాటాక ఉండేది ఆ టూరింగు టాకీసు. ఒక డేరా, ఒకే ప్రొజెక్టరు. రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేసేవాళ్ళు. ఆయన ఇంకో రీలు ఎక్కించేదాకా జనం చుట్టలు కాల్చుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. పేరయ్యకి ఆ మిషను అంటే ప్రాణం. ఫిలిం తుడిచే మల్లుగుడ్డని నా పెళ్ళి పట్టుచీరకన్నా జాగ్రత్తగా మడిచి పెట్టేవాడు. ఆ రోజుల్లో కొందరు ఆపరేటర్లు తొందరగా ఇంటికి పోవాలని పాటో ఫైటో కోసి అవతల పారేసేవాళ్ళు. అది మామూలు సంగతే. పేరయ్యకి మాత్రం ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. “తీసినోడు పిచ్చోడా? జనం కంచంలో అన్నం తీసేసినట్టు కాదూ?” అనేవాడు.

అలాంటివాడు ‘నల్ల గొడుగు’లో ముక్క కోశాడన్న నింద మీద ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నింద కాదు, నిజంగానే కోశాడు. ఎందుకు కోశాడో, ఆ ముక్కలో ఏముందో మాత్రం నాకు చెప్పలేదు.

ఆ సినిమా విడుదలైనప్పుడు పేరయ్య పనిగట్టుకుని గుంటూరు పోయి చూశాడు. ఒకసారి కాదు, సెలవు దొరికినప్పుడల్లా. ఇంటికి వచ్చి వాకిట్లో గొడుగు విప్పుకుని హంతకుడి నడక నడిచి చూపించేవాడు. “వాడు పరిగెత్తడే. సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా పరిగెత్తడు. అదే భయం,” అనేవాడు. మా పిల్లకి అప్పుడు నాలుగేళ్ళు. తాటాకు ముక్కొకటి నెత్తిమీద పట్టుకుని తండ్రి వెనకాల అదే నడక నడిచేది. కథ సగం దాకా చెప్పి ఆపేశాడు. మిగతాది తెరమీదే చూడాలట. చెబితే ఆపరేటరు ధర్మం చెడుతుందట. ఓనరు వెంటపడి, కాళ్ళు పట్టుకున్నంత పని చేసి, ఆ సినిమా మా ఊరికి తెప్పించాడు.

ఫిలిం పెట్టె వచ్చేసరికి మళ్ళీ ఎండాకాలం వచ్చింది. అప్పటికి మా పిల్ల లేదు. చలికాలంలో కంఠసర్పి వచ్చి గొంతు పూడుకుపోయింది. చీరాల ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో బస్సులోనే పోయింది. ఆ తర్వాత మాకు పిల్లలు కలగలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో పిల్ల పేరు ఎవరూ ఎత్తలేదు. నేనెత్తితే ఆయన లేచి బయటికి పోయేవాడు. లేచిపోతాడని నేను మానేశాను. మానేసింది మానేసినట్టే ఉండిపోయింది.

సాయంత్రమైతే నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. పొయ్యి ఆర్పి, తలుపుకి గొళ్ళెం పెట్టి టూరింగుకి పోయేదాన్ని. ఆపరేటరు పెళ్ళాన్ని కాబట్టి టిక్కెట్టు అక్కర్లేదు. ప్రొజెక్టరుండే క్యాబిను పక్కన ఆడవాళ్ళ బెంచీ చివర కూర్చునేదాన్ని. ఏం సినిమా ఆడుతోందన్నది కాదు. చీకట్లో నా చుట్టూ మనుషులుంటే చాలు. నన్ను ఎవరూ చూడకపోతే ఇంకా మంచిది.

‘నల్ల గొడుగు’ మొదలైన రోజున మాత్రం ఆయన నన్ను రావద్దన్నాడు.

“ఇయ్యాల రాబాకే. హత్యల సినిమా. నీకు తలనొప్పొస్తది.”

“నువ్వే గదయ్యా ఏడాది నుంచీ ఊరించింది? ఇంట్లో ఉండి ఏం చెయ్యమంటావు, గోడలతో మాట్లాడనా?”

ఆయన చొక్కా తొడుక్కుని ముందు వెళ్ళిపోయాడు. నేను వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాక క్యాబిను గుమ్మంలోంచి నన్నొకసారి చూశాడు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ రోజు ఆట ఆలస్యంగా మొదలైంది. నేలక్లాసు జనం ఈలలు వేసి, డేరా గుంజలు ఊపారు.

సినిమా నన్ను పట్టేసింది. అబద్ధం ఎందుకు, పిల్ల పోయాక మొదటిసారి కాసేపు వేరే ధ్యాసలో పడ్డాను. రైసుమిల్లు గుమాస్తా ఒకడు మిల్లు భాగస్తుల్ని ఒక్కొక్కరినే చంపుతుంటాడు. వాణ్ణి పట్టుకోవడానికి ఒక ఇన్‌స్పెక్టరు. చలాకీ మనిషి, నవ్వకుండా మాట్లాడడు. అంతా బాగానే నడుస్తుండగా, ఫోనులో పకపకా నవ్వుతున్న ఇన్‌స్పెక్టరు మరుక్షణం గడ్డం మాసిపోయి, కళ్ళు గుంటలు పడి, వంతెన మీద కనిపించాడు. గుమాస్తా వంతెన అంచు పట్టుకుని వేలాడుతూ చెయ్యి అందించమని బతిమాలతాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి జేబులోంచి తియ్యడు. వాడు పడిపోతాడు. సినిమా అయిపోయింది.

ఎవరికీ అర్థం కాలేదు. పోలీసువాడు మనిషిని అలా చావనివ్వడమేమిటి? ఆ గడ్డమెప్పుడు పెరిగింది? “ఒరేయ్ ఆపరేటరూ, మధ్యలో ముక్క మింగావట్రా?” అని అరుపులు. ఆ వారమంతా రోజూ అదే ఆట, అదే గోల. నేనూ రోజూ పోయాను. ఆఖరి రోజు సినిమా కంపెనీ మనిషి డేరాలో ఉన్నాడు. అసలు సినిమా తెలిసినవాడు కాబట్టి పట్టేశాడు. క్యాబిన్లోకి పోయేసరికి పేరయ్య కోసిన ముక్కని తిరిగి దాని చోట్లో అతికిస్తూ దొరికిపోయాడు. తర్వాతి ఊరికి పెట్టె నిండుగా పంపాలని ఆయన తాపత్రయం. తొందరగా ఇంటికి పోవడానికి కోశాడని ఓనరు పదిమందిలో తిట్టి పంపించేశాడు. పేరయ్య ఎదురు మాట్లాడలేదు. మర్నాటినుంచి ఊళ్ళో ఆయన పేరు కత్తెర పేరయ్య.

తర్వాత బతుకంతా పత్తి జిన్నింగు మిల్లులో గడిపాడు. దూది నలుసులు మీసాలకి పట్టి ఇంటికి వచ్చేవాడు. మళ్ళీ ఏ సినిమా హాలు గడపా తొక్కలేదు. నేను మాత్రం వదల్లేదు. నా మొగుడి ముఖాన కత్తెర అన్న పేరు కొట్టిన ముక్క ఏమిటో నాకు తెలియాలా వద్దా?

“ఏముందయ్యా అందులో?”

“ఏముంది, ఆఫీసులో మాటలు.”

“ఆఫీసులో మాటలకి ఉద్యోగం పోగొట్టుకుంటారా ఎవరైనా?”

“అన్నం పెడతావా, పెట్టవా?”

అంతే, ఎప్పుడడిగినా అక్కడికొచ్చి ఆగేది. ఒకసారి దూరదర్శన్‌లో శనివారం సాయంత్రం ఆ సినిమా వేశారు. పక్కింట్లో టీవీ కొన్న కొత్త. నేను పీట వేసుకుని అందరికన్నా ముందు కూర్చున్నాను. సగం సినిమా అయ్యాక ఈయన “బొమ్మ సరిగా లేదు” అంటూ మిద్దెక్కి యాంటెన్నా తిప్పడం మొదలుపెట్టాడు. ఇక చూసుకోండి, తెరనిండా చీమలే. పక్కింటివాళ్ళు కిందనుంచి మొత్తుకున్నా దిగలేదు. చివరికి వంతెన దగ్గర బొమ్మ వచ్చింది. మిషన్లు తెలిసిన మనిషికి ఒక కడ్డీ తిప్పడం చేతకాలేదని ఆ రాత్రి నేను ఆయన్ని కడిగేశాను. ఆయన పడుకున్నాడు.

ఆయన పోయాక ఇల్లు మరీ పెద్దదైపోయింది. ఇప్పుడు మిరపకోతల రోజులు. పొద్దున్నే వీధంతా చేలకి పోతుంది. కుక్కలు కూడా వాళ్ళ వెంటే పోతాయి. కళ్ళాల మీంచి వచ్చే ఘాటుకి నేనొక్కదాన్నే ఇంట్లో కూర్చుని తుమ్ముతుంటాను. చిరంజీవ అనేవాళ్ళు లేరు. ఒక్కోరోజు పొద్దుగూకాక గానీ గుర్తురాదు, ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదని. అప్పుడు లేచి పాలవాడితో అక్కర్లేని గొడవ పెట్టుకుంటాను. మనుషులు కావాలంటే మరి ఏదో ఒకటి చెయ్యాలి కదా.

కోటేషు మా ఊళ్ళో కేబుల్ టీవీ నడుపుతాడు. ఎవరైనా అడిగితే మధ్యాహ్నంపూట వాళ్ళ సినిమా వేస్తాడు. మా ఆయనకి కత్తెర పేరయ్య అని పేరు పెట్టిన మహానుభావుడు వీడి తండ్రే. అయినా కుర్రాడు మంచివాడు.

“పెద్దమ్మా, గుంటూరులో నల్ల గొడుగు సీడీ దొరికింది. రేపు అన్నాల వేళకి ఏస్తా. పెదనాన్న మింగిన ముక్కేందో ఇయ్యాల్టితో తేలిపోద్ది.”

“ఇయ్యాల కాదురా, రేపు.”

“రేపేలే. తేలిపోద్ది.”

మర్నాడు పెందలాడే వంట ముగించి టీవీ ముందు కూర్చున్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చో అనుకున్నాను. కానీ ఆయన గురించి నాకు తెలియనిది ఇదొక్కటే మిగిలింది. అది కూడా తెలిసిపోతే ఇక ఆయనతో పోట్లాడటానికి ఏమీ ఉండదని ఒక పక్క దిగులు కూడా లేకపోలేదు.

సినిమా మొదలైంది. మిట్టమధ్యాహ్నం ఖాళీ వీధి. మేడ మీంచి చూస్తున్నట్టు ఉంటుంది. వాన లేదు, చినుకు లేదు. ఒక నల్ల గొడుగు మెల్లగా వీధిలోకి వచ్చింది. కింద మనిషి కనపడడు. గొడుగు ఒక ఇంటి ముందు ఆగింది, మూసుకోలేదు. అలాగే గుమ్మంలోకి పోయింది. పాట లేదు, దడదడా వాయిద్యాలు లేవు. ఎక్కడో రోకలి పోటు వినిపిస్తుంది. కాసేపటికి అది కూడా ఆగిపోతుంది. నాకు వీపు జలదరించింది. ఇన్నేళ్ళయినా అదే జలదరింపు.

చూస్తున్నంతసేపూ పేరయ్య మాటలు చెవిలో పడుతూనే ఉన్నాయి. “వెలుగు యాడ పెట్టాడో గాదే, యాడ పెట్టలేదో చూడు,” అనేవాడు. నిజమే. గుమాస్తా ముఖం మీద ఎప్పుడూ సగమే వెలుగు. వాడు గొంతు పెంచడు. చంపబోయే మనిషికి ముందు మంచినీళ్ళిస్తాడు. ఫోను మోగుతుంటే ఎవరూ తియ్యరు, ఖాళీ కుర్చీని చూపిస్తారు, ఎవరు చచ్చారో మనకి తెలిసిపోతుంది. శవాన్ని చూపించరు. ఇప్పటివాళ్ళయితే ఆ చోట రెండు బిందెల నెత్తురు పొయ్యాల్సిందే.

హంతకుడు ఎవరో ఇన్‌స్పెక్టరు బూట్లు చూసి కనిపెట్టాలి. సరిగ్గా అక్కడే తెర కింద విత్తనాల కంపెనీ ప్రకటన పరుగులు తీస్తోంది. ఫోను చేశాను.

“ఒరేయ్ కోటేషూ, కింద ఆ అక్షరాలు తీసెయ్ రా. వాడి బూట్లు కనపడట్లా.”

“మిరప విత్తనాలోళ్ళు ఊరుకోరు పెద్దమ్మా.”

“నేనొచ్చి చెబుతాలే వాళ్ళకి. తీస్తావా, తియ్యవా?”

తీశాడు. బూట్లు కనిపించాయి. నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. ఇన్‌స్పెక్టరు ఫోనులో పకపకా నవ్వుతున్నాడు. ఈసారి సినిమా అక్కడ తెగలేదు.

బల్లమీద ఒక మిఠాయి పెట్టె. గుమాస్తా ఇన్‌స్పెక్టరుకి పంపించింది. దారం విప్పేసి ఉంది. లడ్లన్నీ వరసగా ఉన్నాయి, ఒకటి మాత్రం లేదు. కిటికీ గాలికి పెట్టె మూత ఊగుతోంది. లడ్డూ ఎవరు తిన్నారో చూపించలేదు. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు ఇంటి పెరడు. దండెం మీద చిన్నపిల్ల గౌను ఆరుతోంది. తల్లి చేతులు రెండే కనిపిస్తాయి, ముఖం కనపడదు. ఆ చేతులు గౌను తీసి మడిచాయి. మడిచి నిమిరాయి. మళ్ళీ మడత విప్పి, పొడిగా ఉన్న ఆ గౌనుని తడిదాన్ని దులిపినట్టు దులిపి, మళ్ళీ దండెం మీద ఆరేశాయి. ఏడుపు లేదు, వాయిద్యం లేదు. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు నిలబడి ఆమె చేతుల వంకే చూస్తున్నాడు. అంతే, ముక్క అయిపోయింది.

నేను లేచి మా పెరటి వైపు చూశాను.

మా పిల్ల గౌను మా పెరట్లో దండెం మీద అలాగే ఉండేది. ఆసుపత్రికి పోయిన రోజు పొద్దున నేను ఉతికి ఆరేసింది. నేను తియ్యలేదు. మంచుకి తడిసింది, ఎండకి వెలిసింది, పువ్వులన్నీ చెరిగిపోయి తెల్లగుడ్డ అయింది. పేరయ్య రోజూ దాని పక్కనుంచే నీళ్ళకి వెళ్ళేవాడు. తియ్యమని ఒక్కనాడూ అనలేదు. నేను దాన్ని పట్టుకుని నిలబడి ఉండగా గుమ్మంలోంచి చూసి, చప్పుడు కాకుండా వెనక్కి తిరిగిపోవడం ఒకసారి కాదు, చాలాసార్లు జరిగింది. నేను చూడలేదనుకునేవాడు.

సినిమా నడుస్తూనే ఉంది. వంతెన వచ్చింది. ఈసారి ఇన్‌స్పెక్టరు చెయ్యి జేబులోంచి ఎందుకు తియ్యలేదో నాకు తెలుసు. ఆ మనిషి ముఖంలో కోపం లేదు, పగ లేదు, ఏమీ లేదు. చూడలేకపోయాను, అయినా చూశాను. ఆ ముక్క ఉంటేనే అది సినిమా. అది లేకపోతే మిగతాదంతా గొడుగు పట్టుకుని చేసిన గారడీ. ఆ సంగతి అందరికన్నా బాగా పేరయ్యకే తెలుసు. కోసింది ఆయనే. రోజూ ఆ వంతెన దగ్గర జనం బూతులు తిడుతుంటే క్యాబిన్లో నిలబడి విన్నది ఆయనే. నేను బెంచీ మీద ఉన్నానని.

ఊళ్ళో ఆ ముక్క వేరేచోట చూసినవాళ్ళు ఒకరిద్దరైనా ఉండే ఉంటారు. నా ముఖం చూసి నోరు మూసుకుని ఉంటారు.

ఏడుపొచ్చింది. ఏడ్చాను. పక్కన ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను. ఆ వెనకాలే కోపం కూడా వచ్చింది. ఫలానా సంగతి ఉంది, రావద్దని ఒక్క ముక్క చెబితే పోయేది కదా! కానీ చెప్పాలంటే పిల్ల పేరు ఎత్తాలి. మనిషికి ఉద్యోగం వదులుకోవడం చేతనైంది, కత్తెర పేరయ్య అనిపించుకోవడం చేతనైంది, ఆ పేరు ఎత్తడం మాత్రం చేతకాలేదు. చూపించినా బాగుండేదేమో. చూసి కుప్పకూలేదాన్నేమో. కానీ ఆ క్యాబిను మెట్ల మీద ఇద్దరం కూర్చుని ఏడ్చి ఉండేవాళ్ళం. తర్వాత ఎప్పుడో ఒకరోజు అన్నం తింటూ పిల్ల గురించి ఏదో ఒకటి మాట్లాడుకుని ఉండేవాళ్ళం. నన్ను కాపాడాననుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఒక ఇంట్లో ఇద్దరం ఎవరి చీకట్లో వాళ్ళం కూర్చున్నాం.

ముఖం కడుక్కుని వచ్చేసరికి వాకిట్లో బండి ఆగింది. కోటేషు. ఏదో చేలో వైరు తెగితే కట్టి వస్తున్నాడు, బట్టలనిండా దుమ్ము. నేను చెప్పిన ప్రకటన తీసేసి అటే పోయాడు గానీ ఆ ముక్క దాకా సినిమా వాడు చూడలేదు.

“ఏం పెద్దమ్మా, దొరికిందా ముక్క? పెందలాడే కొంపకి పోదామని కోశాడనేవోడు మా నాన్న. ఏముంది అందులో?”

ఆఫీసులో మాటలు అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటైన మాట. ఆ మాట అంటే కోటేషు నవ్వి వెళ్ళిపోతాడు. మా ఆయన కత్తెర పేరయ్యగానే ఉండిపోతాడు. ఇక ఆ పేరు మార్చడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. నా తర్వాత అసలు ఎవరూ లేరు, ఆయన్ని తలుచుకోవడానికీ, పిల్లని తలుచుకోవడానికీ.

“బండి ఆపి లోపలికి రారా.”

“చాలా పనుందే పెద్దమ్మా.”

“పని ఎక్కడికీ పోదు. రా, కూర్చో.”

వాడు చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నాడు. నా కళ్ళు చూసి నవ్వు ఆపేశాడు. మంచినీళ్ళు తాగి మొదలుపెట్టాను.

“మాకొక పిల్ల ఉండేదిరా కోటేషూ,” అన్నాను. “దాని పేరు నాంచారి.”